ఐదో ఉయ్యాల

నూకరత్నం కొడుకు సింహాద్రికి ఏడో నెల నడుస్తోంది. పేరైతే కొండమీద దేవుడిది పెట్టారు గానీ, వాడి గొంతు ఎలా ఉంటుందో కన్నతల్లికే సరిగ్గా తెలియదు. ఆకలేస్తే పెదాలు చప్పరిస్తాడు. చీమ కుడితే దాని వంక ఆశ్చర్యంగా చూస్తాడు. నిద్ర లేచిన సంగతి కూడా ఎవరికీ చెప్పకుండా, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని పైకప్పు చూసుకుంటూ పడుంటాడు.

తొలిచూలు బిడ్డ కావడంతో నూకరత్నానికి అదే బెంగ. పిల్లలు ఏడుస్తున్నారని బెంగపడే తల్లులు ఉంటారు. ఆమెకి వీడు ఏడవడం లేదని బెంగ. నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేది. ఊపిరి తగిలితే అమ్మయ్య అనుకునేది. వెంటనే, తన వేలి చల్లదనానికి వాడికి జలుబు చేస్తుందేమోనని ఇంకో బెంగ పెట్టుకునేది.

“బంగారు గుంటడే రత్తం! ఆడికేటి తొందర? ఏడవడు” అనేది పిల్లల గది ఆయా చిన్నమ్ములు.

ఆ పిల్లల గది ఉన్నది సముద్రానికీ కొండకీ నడుమ కట్టిన ఒక పెద్ద పరిశోధనా సంస్థలో. దానికి గోడమీద రెండు వరుసల పేరుంది. చుట్టుపక్కల జనం మాత్రం ‘నమూనా ఆఫీసు’ అంటారు. అక్కడ కంప్యూటర్లు తయారుచేయరు. కంప్యూటరు ఒకవేళ తయారైతే లోపల ఏది ఎటు కదులుతుందో, అదంతా ముందే ఆడి చూపించే సిమ్యులేటర్ అనే ప్రోగ్రాం తయారుచేస్తారు. అసలు కంప్యూటరు ఎప్పుడు వస్తుందని అడిగే అలవాటు ఆ ఆవరణలో ఎవరికీ లేదు.

నూకరత్నం అక్కడి క్యాంటీన్‌లో కూరగాయలు తరుగుతుంది. ఆమె భర్త ఎర్నాయుడు ఆఫీసు జీపు నడుపుతాడు. క్యాంటీన్ గోడకి అవతలే పిల్లల గది. అందులో నాలుగు ఉయ్యాలలు. వంకాయలు తరుగుతూ నూకరత్నం ఓ చెవి గోడకేసి ఉంచేది. ఏమీ వినబడకపోతే చెయ్యి కడుక్కుని వెళ్లి చూసొచ్చేది. ఏమీ వినబడేది కాదు గనక రోజంతా చేతులు కడుక్కుంటూనే ఉండేది. అయినా ఆ గోడ పక్కనే బిడ్డ ఉన్నాడన్నది ఆమె ప్రాణానికి పెద్ద ఆసరా. పాలవేళకి రెండు అంగల్లో వాడి దగ్గరుండొచ్చు.

అంతా అలా సాగిపోతుండగా అకౌంట్సు కోమలి ప్రసూతి సెలవు ముగించుకుని, హంసిని అనే కూతురితో సహా వచ్చింది. నాలుగు ఉయ్యాలల్లో అప్పటికే సింహాద్రి, తోటపని చేసే గౌరి కూతురు, లైబ్రరీ ఆవిడ కొడుకు, వాచ్‌మన్ కొడుకు ఉన్నారు.

“ఇంకో ఉయ్యాల చేయిస్తే పోద్ది” అంది చిన్నమ్ములు. “అదీ కాదంటే నా పాత చీరొకటి దూలానికి కట్టీస్తాను. పిల్ల చక్కా నిద్దరోద్ది.”

ఈ మాట వనరుల అధికారి లింగమూర్తి గారి చెవిన పడి, అక్కణ్ణుంచి డైరెక్టరు డాక్టర్ త్రివిక్రమరావు గారి చెవిన పడింది. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. అవమానం జరిగితే తప్ప ఆయన అలా నిలబడరు.

మర్నాడు తల్లులందర్నీ పిల్లలతో సహా సమావేశ మందిరానికి పిలిచారు. ఏసీ చల్లదనానికి పిల్లలు తుమ్ముతుండగా డైరెక్టరు గారు ప్రసంగించారు.

“చోటు చాలనప్పుడు చోటు పెంచడం సామాన్యుడి పద్ధతి. ఉన్న చోటులోనే సర్దడం శాస్త్రం పద్ధతి. నా జీవితంలో ముప్పావు భాగం ఈ శాస్త్రానికే ధారపోశాను. కంప్యూటరులో మెదడు పక్కనే చిన్న అర ఉంటుంది. దాన్ని కాష్ అంటాం. దూరంగా పెద్ద గోదాం ఉంటుంది. చేతికి తరచూ కావలసినవి అరలో, తక్కినవి గోదాంలో. అర నిండిపోయి కొత్త సరుకు వచ్చిందనుకోండి. ఏదో ఒకటి ఖాళీ చెయ్యాలి. ఏది?”

జవాబు కూడా ఆయనే చెప్పారు.

“ఎవరూ ముట్టుకోకుండా అన్నింటికంటే ఎక్కువసేపు ఉన్నది ఏదో, అది! ఇంతసేపూ అవసరం పడనిది ఇకముందు కూడా పడదని శాస్త్రం ఊహ.”

నూకరత్నానికి ఇది చాలా సబబుగా తోచింది. ఆమె పోపుల పెట్టె కూడా అంతే. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు పొయ్యి పక్కనే ఉంటాయి. దాల్చినచెక్క వాడి చాన్నాళ్లయిందని మొన్ననే తీసి అటకమీద పెట్టింది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా తనలాగే ఆలోచిస్తారని సంతోషించి, అందరికంటే ముందు తల ఊపింది. ఆ ఊపిన తల ఆమెదే. తరవాత దాన్ని ఎన్నిసార్లు తిట్టుకుందో ఆ తలకే తెలుసు.

“కాబట్టి ఐదో ఉయ్యాల అక్కర్లేదు” అన్నారు డైరెక్టరు గారు. “ఇది దగ్గరి అర. కొండ అవతల పాత ట్రాన్స్‌ఫార్మర్ల షెడ్డు దూరపు గోదాం. మధ్యన జీపు.”

లింగమూర్తి గారు చప్పట్లు కొట్టారు. దాల్చినచెక్క ఎవరో నూకరత్నానికి అప్పుడు అర్థమైంది.

వారం తిరక్కుండా ప్రతి ఉయ్యాలకీ ఒక మీటా, ఒక ఎర్రబల్బూ బిగించారు. బిడ్డని ఎత్తుకున్నప్పుడల్లా మీట నొక్కాలి. ఎవరిని ఎత్తుకుని ఎంతసేపైందో లోపల యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. అందరికంటే ఎక్కువసేపు ఎవరూ ఎత్తుకోని బిడ్డ ఉయ్యాల మీద ఎర్రబల్బు వెలుగుతుంది. కొత్త బిడ్డ గడపలోకి రాగానే, ఎర్రబల్బు కిందున్న బిడ్డ జీపెక్కి కొండ అవతలికి పోవాలి. మళ్లీ ఆ బిడ్డ తల్లి వచ్చి అడిగితే జీపులో తిరిగి తెస్తారు. అప్పుడు ఇంకెవరి నెత్తిన బల్బు వెలుగుతుంటే వాళ్లు వెళతారు.

మొదటి రోజు బల్బు వెలిగింది సింహాద్రికి. రెండో రోజూ వాడికే. ఏడిస్తే కదా చిన్నమ్ములు ఎత్తుకునేది? ఏడ్చే ముగ్గుర్నీ ఎత్తి, దించి, మీట నొక్కి ఆవిడ చేతులు పడిపోతుంటే, వీడు ఎర్రబల్బుని చూసి కాళ్లాడించి నవ్వుతున్నాడు. అదేదో తనకోసమే పెట్టారనుకున్నాడు.

పచ్చిమిరపకాయలు తరిగి వచ్చిన నూకరత్నం, మొగుడు బిడ్డని భుజాన వేసుకుని జీపు వైపు నడవడం చూసింది.

“ఏటయ్యా! ఎక్కడికి అట్టుకెళ్తన్నావు గుంటణ్ణి?”

“గోదాంకి. బల్బెలిగింది” అన్నాడు ఎర్నాయుడు.

“కన్నతండ్రివేనా నువ్వు?”

“తండ్రిని సాయంకాలం డ్యూటీ దిగాక. ఇప్పుడు జీపుని. నీకేటి, నాలాటోడు కాబట్టి గోతులు చూసి తోల్తన్నాను. వేరేవోడైతే ఎగరేసీవోడు.”

“ఆడికి పాలేళయిందయ్యా!”

“అలాగని లింగమూర్తి బాబుగార్ని అడిగాను. అడగాల్సింది తల్లంట, ఉయ్యాల దగ్గరికొచ్చి. నువ్వొచ్చి అడుగు, నాను అట్టుకొచ్చీస్తాను. జీపెక్కినాక గోదాం తగిలి గానీ ఎనక్కి రాకూడదంట. బేగి ఎళ్లొచ్చీస్తాలే.”

సింహాద్రి తండ్రి భుజం మీంచి తల్లిని చూసి చెయ్యూపాడు. ఆ చెయ్యూపడం ఈమధ్యే నేర్చాడు. ఎదురుగా ఉన్నవాళ్లకి ఎప్పుడు ఊపాలో ఇంకా తెలియదు.

ఆ రాత్రి నూకరత్నం కొడుకుకి ఏడుపు నేర్పడం మొదలుపెట్టింది. కళ్లు పెద్దవి చేసి భయపెట్టింది; వాడు పకపకా నవ్వాడు. గిలక్కాయ లాక్కుంది, ఇంకో చేతిలోది కూడా ఇచ్చేశాడు. తనే కూర్చుని ఎలా ఏడవాలో ఏడ్చి చూపించింది. మొదట నటనగానే మొదలుపెట్టింది గానీ, కొండ అవతలి షెడ్డు గుర్తొచ్చి అది నిజం ఏడుపు అయిపోయింది. వాడు పాక్కుంటూ వచ్చి ఆమె బుగ్గ నాకాడు.

“ఈడు జీపుకే పుట్టాడు” అన్నాడు ఎర్నాయుడు మంచమ్మీద నుంచి.

“నోర్ముయ్” అంది నూకరత్నం.

ఇక చేసేదిలేక మీట తనే నొక్కడానికి సిద్ధపడింది. ఒక ఉల్లిపాయ తరగడం, పరిగెత్తడం, కొడుకుని ఎత్తడం, నొక్కడం, మళ్లీ ఇంకో ఉల్లిపాయ. అలా నొక్కినంతసేపూ బల్బు పక్క ఉయ్యాల మీదికి గెంతేది. పక్క ఉయ్యాల గౌరి కూతురిది. గౌరి కలుపు తీసే బొరిగె అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చేది. దాంతో లైబ్రరీ ఆవిడకి గుండెదడ. కోమలి అయితే జీతాల లెక్క నడుమ లేచి, కళ్లజోడు నొసటికి ఎక్కించుకుని, “ఒక్క నిమిషమండీ, మా అమ్మాయిని వాడుకలో పెట్టి వస్తాను” అని వచ్చేది. పిల్లలకి నిద్రలేదు. కళ్లు మూసుకోగానే ఎవరో ఒకరు ఎత్తి, నొక్కి, పడేసేవారు. సాంబారులో ముక్కలు లేవు, మొక్కలకి నీళ్లు లేవు, ఆ నెల జీతాలు కూడా లేవు.

లింగమూర్తి గారు యంత్రం చూసి డైరెక్టరు గారికి విన్నవించుకున్నారు: “అయ్యా, శిశువుల వినియోగం ఎన్నడూ లేనంతగా పెరిగింది.”

జీతాలు రాని మాట మాత్రం డైరెక్టరు గారి దాకా వెళ్లింది. ఆయన లోతుగా ఆలోచించి క్రమశిక్షణ ప్రవేశపెట్టారు. ఇకమీదట ఎవరుపడితే వాళ్లు ఎత్తుకోవడానికి లేదు, ఆయా సైతం. తల్లులు ఐదుగురూ ఒకరి తరవాత ఒకరు వరుసలో వచ్చి పాలివ్వాలి. గౌరి, లైబ్రరీ ఆవిడ, వాచ్‌మన్ భార్య, నూకరత్నం, కోమలి, తిరిగి గౌరి. పాలివ్వడమే వినియోగం. తక్కినదంతా గారాబం.

న్యాయంగానే ఉందనుకున్నారు అందరూ. చుట్టు ఒకటి తిరిగాక గానీ తెలియలేదు.

పాలు తాగి అందరికంటే ఎక్కువసేపైన బిడ్డ ఎవరు? ఇప్పుడు పాలు తాగవలసిన బిడ్డ. నియమం ప్రకారం జీపెక్కవలసింది ఎవరు? పాలు తాగి అందరికంటే ఎక్కువసేపైన బిడ్డ!

గౌరి వచ్చేసరికి ఆమె కూతురు అప్పుడే వెళ్లింది. ఆ పిల్లని తేవడానికి లైబ్రరీ ఆవిడ కొడుకుని పంపారు. లైబ్రరీ ఆవిడ వచ్చింది. వాణ్ణి తేవడానికి వాచ్‌మన్ కొడుకుని పంపారు. నూకరత్నం తలుపు దాకా వచ్చేసరికి జీపు వెనకభాగమే కనబడేది. ఆ వెనక అద్దంలోంచి ఒక చిన్న చెయ్యి ఊగుతుండేది. ఏ తల్లీ తన బిడ్డ ఉయ్యాలలో ఉండగా రాలేదు. ఉయ్యాలలు మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉన్నాయి, ఆ వేళకి అక్కర్లేని పిల్లలతో. ఎర్నాయుడికి కొండ మలుపులు కలలోకి రావడం మొదలైంది. నిద్రలో నూకరత్నం మోకాలు పట్టుకుని గేరు మార్చేవాడు.

రవిక తడిసిపోతుంటే కొంగు కప్పుకుని నూకరత్నం లింగమూర్తి గారి గదికి వెళ్లింది.

“బాబుగారూ, ఒక్కనాడూ నా గుంటడు నాను ఎల్లీసరికి ఉండట్లేదండి.”

లింగమూర్తి గారు ఎంతో ఓపికగా కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పారు. “చూడమ్మా. నీకు అలా అనిపిస్తోంది. సిమ్యులేటర్‌లో చూస్తే తల్లి వచ్చేసరికి బిడ్డ నూటికి తొంభైతొమ్మిది సార్లు ఉయ్యాలలోనే ఉన్నాడు.”

“ఎప్పుడు బాబూ?”

“పిల్లల అలజడి లేకుండా కొలతలు తియ్యాలని రెండో శనివారం తీశాం. వాచ్‌మన్ బిడ్డ ఒక్కడే వచ్చాడు. ఎన్నిసార్లు చూసినా ఉన్నాడు! అద్భుతమైన ఫలితం.”

“మరి ఆ ఒక్కసారీ ఏటైందండి?”

“మొట్టమొదటిసారి వాడు ఇంటి దగ్గర్నుంచి రావాలి కదమ్మా. దాన్ని ఏ శాస్త్రమూ తప్పించలేదు.” ఆయన నిట్టూర్చారు. “ఆ ఒక్కటి కూడా తగ్గించాలని డైరెక్టరు గారి ఆశయం. పుట్టకముందే తెచ్చి పెట్టగలమేమో ఆలోచిస్తున్నారు.”

నూకరత్నం దండం పెట్టి బయటికొచ్చింది.

ఆమె గోడు దేవుడు విన్నాడో ఏమో, ఆ వారంలోనే సింహాద్రికి కింది చిగురులో పన్ను పొడుచుకొచ్చింది. అది పొడుచుకొచ్చింది దగ్గరి గదిలో. కొండ అవతల దిగేసరికి అక్కడి ఆయా వాడి నోరు తెరిచి చూసి, జీపు వెనక్కి పంపేసింది.

“మా పుస్తకంలో ఉన్న సింహాద్రికి పళ్లు లేవు. ఈ గుంటడు మావోడు కాడు.”

దాంతో కొత్త ఉత్తర్వు వెలువడింది. దగ్గరి గదిలో బిడ్డకి ఏ మార్పు జరిగినా, ఆ మార్పు గోదాంలో నమోదయ్యేదాకా ఆ బిడ్డని కదపరాదు. ‘మార్పు చెందిన శిశువు’ అని మెడలో బిళ్ల వేయాలి. లింగమూర్తి గారు స్వయంగా పరిశీలించి, అవతలికి తెలియజేసి, సంతకం అయ్యాకే జీపు.

బిళ్ల మెడలో ఉన్నంతసేపూ కదపరాదు! నూకరత్నం ఆ మాట రెండుసార్లు చదివించుకుంది. తరవాత చిన్నమ్ములు చెవిలో అడిగింది, “పిన్నమ్మా, గుడ్డ తడిపితే మార్పేనా?”

చిన్నమ్ములు ఆలోచించింది. “పొడిగున్న గుంటడు తడిసాడంటే మార్పు కాక మరేటే?”

ఇక ఆ గదిలో వరద. తల్లులు పిల్లలకి తాగించిన పాలకీ, వాళ్లు బదులిచ్చిన దానికీ లెక్కలేదు. లింగమూర్తి గారు ముక్కుకి రుమాలు కట్టుకుని ఒక బిడ్డ మార్పు రాయించేలోగా ఇంకో బిడ్డ మారిపోయేవాడు. రాయించిన బిడ్డని జీపు దాకా మోసుకెళ్తుంటే దారిలోనే మళ్లీ మారిపోయేవాడు, ఎర్నాయుడి ఖాకీ చొక్కా మీదనే. ఏడవడం చేతకాని సింహాద్రికి ఈ విద్య మాత్రం పుట్టుకతోనే వచ్చు. మూడు రోజులు వాడు కదలకుండా దగ్గరి ఉయ్యాలలోనే ఉన్నాడు. నూకరత్నం గోడ పక్కన కూర్చుని, వినబడని కొడుకుని వింటూ బెండకాయలు తరిగింది. ఆ మూడు రోజులూ క్యాంటీన్ కూరలో ఉప్పు సరిగ్గా పడిందని అందరూ చెప్పుకున్నారు.

కానీ డైరెక్టరు గారు అంత తేలిగ్గా ఓడిపోయే మనిషా? ఒక ఉదయం ఎర్నాయుడి జీపులో ఐదు గుడ్డబొమ్మలు దిగాయి. ఒక్కో బొమ్మ మెడకీ ఒక్కో బిడ్డ పేరు.

“ప్రతి బిడ్డకీ గోదాంలో ఒక నకలు ఉంటుంది” అన్నారు డైరెక్టరు గారు. “ఇక్కడ జరిగే ప్రతి మార్పూ ఆ క్షణమే అక్కడి నకలు మీద కూడా జరగాలి. అప్పుడు దాచుకున్న మార్పులుండవు, ఆగిపోయే జీపులుండవు.”

చిన్నమ్ములుకి ఒక ఫోను ఇచ్చారు. పొద్దస్తమానం ఆవిడ దాంట్లో అరిచేది. “అలో! సింహాద్రి తడిపాడు!” కొండ అవతలి ఆయా సింహాద్రి బొమ్మ మీద గ్లాసుడు నీళ్లు పోసేది. “అలో! హంసినికి జలుబు!” బొమ్మ ముక్కు కింద గంజి పూసేది. సింహాద్రికి రెండో పన్ను వచ్చినప్పుడు బొమ్మ నోటికి రెండో బియ్యపుగింజ కుట్టారు. ఏ మార్పైనా నమోదు కావడానికి ఒక్క ఫోను చాలు. బిళ్లలన్నీ ఊడిపోయాయి.

మళ్లీ జీపు తప్పదనుకుంది నూకరత్నం. అప్పుడే డైరెక్టరు గారికి ఆయన జీవితంలోకెల్లా గొప్ప ఆలోచన వచ్చింది. ఎర్రబల్బు కింద నుంచి సింహాద్రిని ఎత్తుకుని బయల్దేరిన ఎర్నాయుణ్ణి గుమ్మంలో ఆపారు.

“ఎక్కడికి?”

“గోదాంకండి.”

“ఎందుకు? గోదాంలో ఇతని నకలు ఉంది కదా! అచ్చుగుద్దినట్టు ఇలాగే ఉంది కదా! ఉన్నచోటికి ఉన్నదాన్నే మోసుకెళ్లడం డీజిల్ దండగ. ఉయ్యాల ఖాళీ అయితే చాలు. వదిలెయ్!”

“ఎక్కడొదిలీమంటారు బాబూ?”

“అది విధానం పరిధిలోకి రాదు” అన్నారు డైరెక్టరు గారు.

ఎర్నాయుడు అటూ ఇటూ చూసి కొడుకుని గడప అవతల చాపమీద కూర్చోబెట్టాడు. చేతులు కడుక్కోవడానికి అటొచ్చిన నూకరత్నం వాణ్ణి చూసింది. వాడు చెయ్యూపాడు. ఆమె చుట్టూ ఒకసారి చూసి, వాణ్ణి కొంగుచాటున పెట్టుకుని క్యాంటీన్‌లోకి పోయింది. ఎవరూ అడ్డుపడలేదు. ఖాళీ అయిన బిడ్డ ఎవరి లెక్కలోనూ లేడు.

నూకరత్నం పాలవేళ వచ్చింది. వరుస ప్రకారం ఉయ్యాల దగ్గరికి వెళ్లి అడిగింది. జీపు వెళ్లి గోదాంలోంచి సింహాద్రిని తెచ్చింది. రెండు బియ్యపుగింజల పళ్లతో, తడిగుడ్డతో. లింగమూర్తి గారు మెడలో పేరు సరిచూసి బొమ్మని ఆమె ఒళ్లో పెట్టారు.

“కానివ్వు అమ్మా.”

నూకరత్నం బొమ్మ మొహం చూసింది. లింగమూర్తి గారి మొహం చూసింది. రెంటిలోనూ ఏమీ లేదు. కొంగు కప్పుకుని, మెల్లిగా ఊగుతూ కూర్చుంది. పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్లకి హాయిగా ఉంది.

ఒక చుట్టు తిరిగేసరికి ఐదుగురు పిల్లలూ ఖాళీ అయిపోయి క్యాంటీన్ చేరారు. చిన్నమ్ములు అన్నమాట ప్రకారం తన పాత చీర తెచ్చింది. తక్కిన తల్లులూ తలోటి తెచ్చారు. బియ్యం బస్తాల గదిలో దూలానికి వరసగా ఐదు చీర ఉయ్యాలలు వెలిశాయి. అవతలి గదిలో నాలుగు ఉయ్యాలల్లో నాలుగు బొమ్మలు. ఐదోది జీపులో తిరుగుతుండేది. ఎర్నాయుడు ఇప్పుడు గోతులు చూసుకోవడం మానేశాడు.

సంస్థ పేరు ఎంత దూరం పాకిందంటే, పైనుంచి ఒక తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు అధికారులు. ముందు నడిచే ఆయనకి తెల్ల మీసాలు, చేతిలో పెన్ను. ఎర్రబల్బు ఎలా గెంతుతుందో చూసి ముచ్చటపడ్డారు. బొమ్మలకి పాలిస్తున్న తల్లుల వరుస చూసి, “ఇంత ప్రశాంతమైన శిశు కేంద్రం దేశంలో ఎక్కడా చూడలేదు” అన్నారు మీసాలాయన. తరవాత ఆయనకి కాఫీ తాగాలనిపించింది. ఆ సంగతి కార్యక్రమంలో లేదు. ఆయన తిన్నగా క్యాంటీన్‌లోకి నడిచారు.

నూకరత్నం సింహాద్రిని చంకనేసుకుని పొట్లకాయ తరుగుతోంది. వెనక తెరిచిన తలుపులోంచి నాలుగు చీర ఉయ్యాలలు ఊగుతూ కనబడుతున్నాయి. ఐదోది ఖాళీగా ఉంది.

“ఈ బిడ్డ ఎవరు?” అన్నారు మీసాలాయన.

డైరెక్టరు గారు తొంగి చూశారు. ఆయన మొహం పాలిపోయింది. “సర్, ఒకే పేరుతో రెండుచోట్ల రెండు నకళ్లు ఉండడం మా శాస్త్రంలో మహాపరాధం. ఇతను సింహాద్రే అయితే తక్షణం ఒకటి రద్దు చేయాలి. ఉయ్యాలలోది నమోదైనది కాబట్టి…” అని సింహాద్రి వైపు చెయ్యి చాపారు. “అమ్మా, ఇతను సింహాద్రేనా?”

తలుపు దగ్గర ఎర్నాయుడు జీపు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. నూకరత్నం కొడుకు మొహంలోకి చూసింది. నెత్తిన పెట్టుకుని తిరగాలనుకున్న పేరు, స్వామి తిరుమంజనం రోజున కొండమీద చెవిలో చెప్పించిన పేరు.

“కాడు బాబూ” అంది. “మా సింహాద్రి ఆ గదిలో ఉయ్యాల్లో పడుకున్నాడు కదేటి. ఇందాకే పాలిచ్చొచ్చాను. ఈ గుంటడెవుడో నాకు తెలీదు.”

సింహాద్రి ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. కింది పెదవి ముందుకొచ్చింది. అది ఆమె ఎన్నడూ చూడని పెదవి. మరుక్షణం వాడు ఏడ్చాడు. ఏడుపంటే అలాంటిలాంటి ఏడుపు కాదు. గిన్నెలు గల్లుమన్నాయి, మీసాలాయన చేతిలో కాఫీ తొణికింది, చీర ఉయ్యాలల్లో నలుగురూ లేచి అందుకున్నారు. ఏడు నెలలుగా దాచిపెట్టుకున్నదంతా వాడు ఆ క్యాంటీన్‌లో కుమ్మరించాడు. నూకరత్నం కళ్లంట బొటబొటా నీళ్లు కారుతున్నాయి. పెదాలు మాత్రం చెవుల దాకా సాగాయి. ‘గొంతుందమ్మా! నా తండ్రికి గొంతుంది!’ అనుకుంది లోపల్లోపల.

“ఈ చప్పుడేమిటి?” అన్నారు మీసాలాయన చెవులు మూసుకుని.

డైరెక్టరు గారు కుదుటపడ్డారు. “మా శిశువులు ఏడవరు సర్. మీరే చూశారు. నమోదు కాని ఏడుపుకి సంస్థ బాధ్యత వహించదు.”

“అయితే ఇది మన పరిశీలనలోకి రాదు” అని మీసాలాయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఆ ఏడాది ఉత్తమ శిశు నిర్వహణ పురస్కారం ఆ సంస్థకే వచ్చింది. ఫొటోలో డైరెక్టరు గారు ఎత్తుకున్నది సింహాద్రి బొమ్మనే. ఫొటో కోసం దాని గుడ్డ మార్చి, ఆ సంగతి కొండ అవతలికి ఫోను చేసి చెప్పారు. అక్కడ ఆ వేళకి బొమ్మ లేకపోయినా అవతలి ఆయా ఖాళీ బల్ల తుడిచింది.

ఇప్పుడు సింహాద్రి చక్కగా ఏడుస్తాడు. ఆకలేస్తే ఏడుస్తాడు, చీమ కుడితే ఏడుస్తాడు, తల్లి పొయ్యి దాకా వెళ్లినా ఏడుస్తాడు. ఇంతలా ఏడుస్తున్నాడేమిటని నూకరత్నం కొత్త బెంగ పెట్టుకుంది. మొన్న వాణ్ణి ఒళ్లో వేసుకుని బియ్యం బస్తా మీద కూర్చుని పాలిస్తుండగా, గోడ అవతల నుంచి చిన్నమ్ములు కేకేసింది.

“ఒలే రత్తం! నీ బొమ్మకి పాలేళయిందే! లింగమూర్తి బాబుగారు నిలబడున్నారు!”

“వస్తాను పిన్నమ్మా, ఈడు తాగాక!” అని అరిచింది నూకరత్నం. “ఆడికేటి తొందర? బంగారు గుంటడు. ఏడవడు!”